తాళం వేసిన ఇల్లూ లెక్కలోదే: శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో జనాభా, ఆరోగ్య సర్వే చేసే పద్ధతి

2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి మంది మగవాళ్ళకు 1015 మంది ఆడవాళ్ళున్నారు. విజయనగరంలో 1019. ఈ అంకెలు చూసి, ఇక్కడ ఆడపిల్లలకు లోటు లేదని తీర్మానించేసేవాళ్ళు చాలామంది. అదే జనగణనలో ఆరేళ్ళలోపు పిల్లల్ని విడిగా తీసి చూడండి. రెండు జిల్లాల్లోనూ ఆడపిల్లలు వెయ్యికి లోపే. మరి పెద్దవాళ్ళ దగ్గరికొచ్చేసరికి లెక్క ఎందుకు తిరగబడింది? ఆడవాళ్ళు ఎక్కువకాలం బతకడం కొంత కారణం. అసలు కారణం, మగవాళ్ళు ఊళ్ళో లేకపోవడం. చెన్నైలో సెంట్రింగు పనిలో ఉన్నారు, హైదరాబాదులో అపార్టుమెంట్లకు కాపలా ఉన్నారు, గుజరాత్‌లోని వీరావల్‌లో పడవల మీద ఉన్నారు.

ఆమదాలవలస, కొత్తవలస అంటూ ఊరి పేర్లలోనే వలసను మోస్తున్న నేల ఇది. ఇక్కడ జనాభా మీద గానీ, ఆరోగ్యం మీద గానీ, జనం బాగోగుల మీద గానీ పరిశోధన చేసేవాళ్ళు గుమ్మంలో కనిపించిన మనిషిని మాత్రమే అడిగి వస్తే సగం లెక్కే తెచ్చినట్టు. లేనివాళ్ళను కూడా లెక్కలోకి తెచ్చేలా సర్వేను మొదటి రోజు నుంచే ఎలా అమర్చుకోవాలో, ఎంఏ, ఎంఎస్‌డబ్ల్యూ, పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థుల కోసం రాస్తున్నాను.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"వలస ప్రభావం" అనేది ప్రశ్న కాదు. "కొడుకులు వలస వెళ్ళిన ఇళ్ళలో 60 దాటినవాళ్ళకు బీపీ మందులు క్రమంగా అందుతున్నాయా?" అన్నది ప్రశ్న. ఒక్కరే చేస్తున్న పనైతే జిల్లా సగటు జోలికి వెళ్ళకండి. రెండు మూడు ఊళ్ళను ఇల్లిల్లూ తిరిగి పూర్తిగా రాసుకోవడం, జిల్లా మొత్తమ్మీద ఏరుకున్న నాలుగు వందల ఇళ్ళకంటే మేలని నా నమ్మకం.

నమూనా లెక్క ఎలాగూ అడుగుతారు కాబట్టి చెబుతున్నా. 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూగా ఒక నిష్పత్తిని అంచనా కట్టాలంటే 384 మంది కావాలని పుస్తకాల్లో ఉంటుంది. జిల్లా అంతటా విడివిడిగా లాటరీ తీసి ఎంచుకున్నప్పుడే ఆ అంకె సరిపోతుంది. ఊళ్ళవారీగా గుంపులుగా తీసుకుంటే ఒకే ఊరివాళ్ళు ఒకరినొకరు పోలి ఉంటారు కనక ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెంచుకోవాలి.

2. ఉన్న లెక్కలు ముందు చదవండి, సరిహద్దు చూసుకోండి

2011లో శ్రీకాకుళం జనాభా 27,03,114. విజయనగరం 23,44,474. అంతకు ముందు పదేళ్ళలో ఉమ్మడి రాష్ట్రం సుమారు 11 శాతం పెరిగితే, శ్రీకాకుళం ఆరున్నర శాతం, విజయనగరం నాలుగు శాతం పైచిలుకు మాత్రమే పెరిగాయి. 2019-20 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మొత్తం సంతాన రేటు (ఒక ఆడమనిషికి జీవితకాలంలో సగటున పుట్టే పిల్లలు) 1.7. ఒక తరం స్థానాన్ని మరో తరం నింపడానికి కావలసిన 2.1 కంటే ఇది బాగా తక్కువ. అంటే ఇక మీదట ఈ పల్లెల్లో జనం తగ్గినా పెరిగినా అందులో వలసకూ ముసలితనానికీ పెద్ద వాటా ఉంటుంది. కుటుంబ నియంత్రణ గురించి అరవై ఏళ్ళ నాడు రాసిన ప్రశ్నావళిని ఇంకా పట్టుకు తిరగడంలో అర్థం లేదు.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. సీతంపేట, పాలకొండ, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. రాజాం విజయనగరంలో చేరింది. కాబట్టి "శ్రీకాకుళం జిల్లా 2011" పక్కన "శ్రీకాకుళం జిల్లా 2024" పెట్టి జనం తగ్గారని రాస్తే అబద్ధం రాసినట్టే. జనగణన ప్రాథమిక పట్టికల్లో మండలాలవారీ అంకెలు ఉంటాయి. వాటిని కూడి, ఇప్పటి సరిహద్దులకు 2011 అంకెల్ని మీరే తిరిగి కట్టుకోండి. ఒక్క పూట పని. రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆ అంకెలొచ్చాక ఈ పట్టిక మళ్ళీ అక్కరకొస్తుంది.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. కుటుంబ ఆరోగ్య సర్వే ముందురోజు రాత్రి ఆ ఇంట్లో నిద్రపోయినవాళ్ళనే ప్రశ్నిస్తుంది. అంటే వలసవాడు ఆ సర్వే చూపులోంచి జారిపోతాడు. సర్వే పద్ధతుల గురించి సందేహాలుంటే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జనాభా పరిశోధన కేంద్రం ఉంది, వెళ్ళి అడగండి.

3. ఊరికి తగ్గ కాలం

తీరప్రాంతం, మెట్ట, ఉద్దానం (పలాస, కవిటి చుట్టుపక్కల కొబ్బరితోటల ప్రాంతం), ఏజెన్సీ. నాలుగింటికీ నాలుగు క్యాలెండర్లు. కట్టడం పనులకు వెళ్ళే ఊళ్ళలో మనుషులు సంక్రాంతికి వస్తారు, అమ్మవారి పండక్కి వస్తారు, ఓట్లకు వస్తారు. ఎచ్చెర్ల, గార, భోగాపురం తీరాల మత్స్యకారుల్లో గుజరాత్ వెళ్ళేవాళ్ళు అక్కడి వానాకాలపు వేట నిషేధం రోజుల్లో ఇంటికొస్తారు. ఒకే ఊరికి రెండుసార్లు వెళ్ళేలా ఖర్చు వేసుకోండి, ఒకసారి ఊరు ఖాళీగా ఉన్నప్పుడు, ఒకసారి నిండినప్పుడు. పండగ నాడు ఎవరూ ప్రశ్నలకు కూర్చోరు. ముక్కనుమ దాటాక మూడు నాలుగు రోజులు దొరుకుతాయి, ఆ తర్వాత బస్సులు నిండిపోతాయి.

4. అనుమతి

విశ్వవిద్యాలయం నైతిక కమిటీ ఆమోదం లేకుండా ఒక్క గడప కూడా తొక్కకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చదివి సమ్మతి పత్రం తయారుచేయండి. అది తెలుగులో ఉండాలి, ఒక పేజీ దాటకూడదు, చదువు రానివాళ్ళకు సాక్షి ఎదుట చదివి వినిపించాలి. తర్వాత గ్రామ సచివాలయానికీ సర్పంచికీ ఒక మాట చెప్పండి. అయితే సచివాలయం ఉద్యోగిని వెంటేసుకుని ఇళ్ళకు వెళ్ళొద్దు. పింఛనో రేషన్ కార్డో పోతుందేమోనన్న భయంతో ఇచ్చిన జవాబు మీకు పనికిరాదు.

5. ఇళ్ళ జాబితా: నా తప్పు ఇక్కడే జరిగింది

నా మొదటి సర్వేలో తాళం వేసిన ఇల్లు కనబడితే పక్కింటికి వెళ్ళిపోయేవాణ్ణి. "అందుబాటులో లేరు, బదులు ఇల్లు" అని రాసుకునేవాణ్ణి. నాకలాగే నేర్పారు. మూడో రోజు ఒక చివరి వీధిలో వరసగా తొమ్మిది తాళాలు కనిపించినప్పుడు కూడా అదే పని చేశాను. పని అంతా అయ్యాక చూస్తే, నా లెక్కలో కుటుంబంతో సహా వలస వెళ్ళిన ఇల్లు ఒక్కటీ లేదు. వలస మీద సర్వే చేసి వలస వెళ్ళినవాళ్ళందర్నీ తీసి పారేశాను. ఆ రెండు నెలల పని పక్కన పడేయాల్సి వచ్చింది.

అందుకే చెబుతున్నా. బదులు ఇల్లు అనేది ఉండకూడదు. ఊరి చివర గెడ్డ (వాగు) నుంచి మొదలుపెట్టి, చేత్తో పటం గీసుకుంటూ, ప్రతి ఇంటికీ సుద్దతో అంకె వేయండి. తాళానికీ అంకె వేయండి. తాళం వేసిన ఇంటికి వేరే పొడుగాటి కాగితం ఉండాలి: ఎవరిది, ఎప్పటి నుంచి మూసి ఉంది, ఎక్కడికెళ్ళారు, ఎంతమంది, పిల్లల్ని తీసుకెళ్ళారా, పండక్కి వస్తారా. ఇద్దరు వేర్వేరు పొరుగువాళ్ళను అడిగి రాయండి, ఇద్దరూ తేడాగా చెబితే రెండూ రాయండి. జబ్బుల గురించి మాత్రం పొరుగువాళ్ళను అడగకండి. అది ఆ ఇంటివాళ్ళు చెప్పాల్సిన సంగతి.

ఓటర్ల జాబితా, ఆశా కార్యకర్త పుస్తకం, అంగన్‌వాడీ రిజిస్టరు అన్నీ అక్కరకొస్తాయి. కానీ మీ జాబితా పూర్తయ్యేదాకా వాటిని తెరవకండి. కారణం ఎనిమిదో అంశంలో ఉంది.

6. "ఇంట్లో ఎందరు?" అని అడక్కండి

ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు ఒక కుటుంబం, జనగణన లెక్క కూడా అదే. కానీ ఆ పొయ్యికి చెన్నై నుంచి డబ్బు పంపేవాడు ఆ కుటుంబంవాడా కాదా? దీన్ని ముందే తేల్చుకోకపోతే ప్రతి పరిశోధకుడూ తనకు తోచినట్టు రాస్తాడు. నేను మూడు పట్టికలు పెడతాను. ఆరు నెలలుగా ఇక్కడే ఉంటున్నవాళ్ళు మొదటిది. ఇక్కడివాళ్ళే గానీ పనికో చదువుకో బయట ఉంటూ, వస్తూ పోతూ, డబ్బు పంపుతూ ఉన్నవాళ్ళు రెండోది. గత అయిదేళ్ళలో చనిపోయినవాళ్ళు, పెళ్ళయి వెళ్ళినవాళ్ళు, ఇక రామని వెళ్ళిపోయినవాళ్ళు మూడోది. ఏ సగటు లెక్కించినా మొదటి పట్టికతో ఒకసారి, మొదటి రెండూ కలిపి ఒకసారి లెక్కించండి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే మీ పరిశోధన.

ఉదాహరణకు ఒక ఊళ్ళో 20 నుంచి 39 ఏళ్ళ ఆడవాళ్ళు 200 మంది, మగవాళ్ళు 140 మంది ఇంటి దగ్గర ఉన్నారనుకుందాం. వెయ్యికి 1429. బయట ఉన్న 20 మంది ఆడవాళ్ళనూ 75 మంది మగవాళ్ళనూ కలిపితే 220, 215. అప్పుడు వెయ్యికి 1023. ఊరు మారలేదు, లెక్క మారింది.

మాట విషయంలో జాగ్రత్త. గుంటూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చిన విద్యార్థికి ఇక్కడి యాస చెవికి పట్టడానికి వారం కావాలి. "మా పెద్దోడు నేడు బాబూ" అంటే పెద్దోడు లేడని, ఇవాళ అని కాదు. "ఎల్లిపోనాడు" అంటే ఊరెళ్ళాడు. "పోనాడు" అంటే చనిపోయాడని కావచ్చు, వెళ్ళాడని కావచ్చు. ఇలాంటి చోట వెంటనే పెన్ను పెట్టకుండా "ఎక్కడికెల్లినాడమ్మా?" అని మెల్లగా అడగండి. కొడుకు పోయిన తల్లి ముందు ఫోను నంబరు అడిగి నాలిక కరుచుకున్న విద్యార్థిని నేను చూశాను. ఆ ఇంట్లో ఆ పూట ఇంకేమీ అడగలేకపోయాం. వచ్చేశాం.

సవర గూడేల్లో తెలుగు ప్రశ్నావళి చాలదు. శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి నూరేళ్ళకు పైగా వెనకే సవర భాష నేర్చుకుని, తర్వాత దానికి నిఘంటువు చేశారు. మనం కనీసం సవర వచ్చిన ఒక పరిశోధకురాలిని జట్టులో పెట్టుకోగలం.

పిల్లల గురించి అడిగేటప్పుడు "ఎంతమంది పిల్లలు?" అంటే బతికున్నవాళ్ళనే చెబుతారు. మూడు ప్రశ్నలుగా విడగొట్టండి: నీ దగ్గరున్న పిల్లలు, వేరేచోట ఉన్న పిల్లలు, పుట్టాక పోయిన పిల్లలు. చివరిదానికి "పుట్టి ఒక్కసారి ఏడ్చి పోయినా సరే" అని కలపాలి. ఆ ప్రశ్న ఆడమనిషే అడగాలి, అత్తగారు పక్కన లేనప్పుడు అడగాలి. అత్తగారిని ఆ సమయంలో వరండాలో ఇంకో పరిశోధకుడు పలకరిస్తూ ఉండాలి. మంచినీళ్ళ బావి ఎప్పుడు తవ్వారో అడిగితే చాలు, అరగంట చెబుతారు.

7. వయసు

"నలభయ్యో, నలభై అయిదో ఉంటాయి" అన్నదే అన్ని ఇళ్ళలోనూ జవాబు. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది అంచనా కట్టిన తేదీ కావచ్చు. వృద్ధాప్య పింఛను 60కి వస్తుంది కాబట్టి ఆ వయసు చుట్టూ అంకెలు పోగుపడతాయి. దీనికి మందు సంఘటనల క్యాలెండరు. ఇక్కడికి పనికొచ్చేది ఇలా ఉంటుంది: 1979 జూన్ 1 విజయనగరం జిల్లా ఏర్పాటు, 1983 రెండు రూపాయల బియ్యం, 1984 అక్టోబరు 31 ఇందిరాగాంధీ హత్య, 2009 సెప్టెంబరు 2 రాజశేఖరరెడ్డి మరణం, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2016 నవంబరు 8 నోట్ల రద్దు, 2018 అక్టోబరు 11 తిత్లీ. ఉద్దానంలో తిత్లీని మించిన గుర్తు లేదు. కొబ్బరిచెట్లు పడకముందు పుట్టాడా, పడ్డాక పుట్టాడా అంటే చాలు.

సర్వే అయ్యాక, వయసులు ఎంత గుండ్రంగా చెప్పారో తేల్చే విప్పుల్ (Whipple) సూచిక కట్టండి. 23 నుంచి 62 ఏళ్ళ మధ్యవాళ్ళలో 0తోనూ 5తోనూ ముగిసే వయసులవాళ్ళను లెక్కపెట్టి, ఆ మధ్యనున్న మొత్తం జనంలో అయిదో వంతుతో భాగించి, నూటితో గుణించాలి. 100 వస్తే వయసులు సక్రమంగా ఉన్నట్టు, 500 వస్తే అందరూ గుండ్రంగా చెప్పినట్టు. 125 దాటితే మోటు లెక్క కిందికొస్తుంది, అయిదేళ్ళ గుంపులకంటే చిన్న పట్టికలు వేయకండి.

8. చావులు

ఇది అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైనదీ. జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం మరణాన్ని అది జరిగిన చోటే నమోదు చేయాలి. చెన్నై దగ్గర మౌలివాక్కంలో 2014 జూన్ 28న బహుళ అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో మన ఉత్తరాంధ్ర కూలీలు చాలామంది. వాళ్ళ మరణాల నమోదు తమిళనాడుది, ఊళ్ళో ఉన్నది కుటుంబం. అలాగే శ్రీకాకుళం ఆసుపత్రిలోనో విశాఖ కేజీహెచ్‌లోనో పుట్టిన బిడ్డ నమోదు పట్నంలో ఉంటుంది. సచివాలయం రిజిస్టరులో మన ఊరివాళ్ళ పుట్టుకలూ చావులూ అన్నీ దొరుకుతాయనుకోవద్దు.

1949లో చంద్రశేఖరన్, డెమింగ్ అనే గణాంక శాస్త్రవేత్తలు ఒక దారి చూపారు. రెండు స్వతంత్ర జాబితాలు తీసుకో, పేరుపేరునా పోల్చు. రిజిస్టరులో 30 మరణాలు, మీ సర్వేలో 32, రెండింటిలోనూ ఉన్నవి 24 అనుకోండి. 30ని 32తో గుణించి 24తో భాగిస్తే 40. రెండూ కలిపి మీకు దొరికినవి 38. ఇద్దరి కన్నూ తప్పినవి సుమారు రెండు. ఈ లెక్క నిలవాలంటే రెండు జాబితాలూ ఒకదాన్నొకటి చూసి రాసినవి కాకూడదు. ఆశా పుస్తకం ముందే తెరవొద్దన్నది అందుకే.

ఒక్క ఊరి నుంచి మరణాల రేటు తీసి పక్క ఊరితో పోల్చొద్దు. పదిహేను వందల మంది ఊళ్ళో ఏడాదికి పది చావులుంటే, మరుసటేడు ఏడున్నా పదమూడున్నా అది యాదృచ్ఛికమే కావచ్చు. శిశు మరణాల రేటైతే అసలు ముట్టుకోకండి.

9. ఆరోగ్యం

"బీపీ ఉందా?" అంటే తెలిసినవాడే చెబుతాడు. కొలవండి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, రెండుసార్లు కొలిచి, రెండూ రాయండి. ప్రమాదకరంగా ఉంటే అదే రోజు పీహెచ్‌సీకి పంపండి, సర్వే తర్వాత చూసుకోవచ్చు.

ఉద్దానం గురించి విడిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో షుగరూ బీపీ లేనివాళ్ళకు కూడా కిడ్నీ జబ్బు వస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆసుపత్రి మొదలైంది. అక్కడి జనం రక్తం ఇచ్చి ఇచ్చి విసిగిపోయారు. ఫలితం తిరిగి చెప్పే ఏర్పాటు లేకపోతే వాళ్ళ చేతికి సూది గుచ్చే హక్కు మీకు లేదు. ఒక్కసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) ఎక్కువ వచ్చిందని దీర్ఘకాల జబ్బుగా రాయకండి. కనీసం మూడు నెలలు అలాగే ఉంటేనే ఆ పేరు.

ఇక్కడ కూడా వలస లెక్కను వంచుతుంది. ఒంట్లో సత్తువ ఉన్నవాడు ఊరు దాటతాడు, జబ్బు చేసినవాడు తిరిగొస్తాడు. ఊళ్ళో ఉన్నవాళ్ళనే పరీక్షిస్తే జబ్బు శాతం ఉన్నదానికంటే ఎక్కువ కనబడొచ్చు. కాబట్టి ప్రతి రోగినీ అడగండి: ఏ ఏళ్ళలో ఎక్కడున్నావు, ఏ నీళ్ళు తాగావు, ఏ పని చేశావు, జబ్బు తెలిశాక వచ్చావా, వచ్చాక తెలిసిందా? ఈ చివరి ప్రశ్నను ప్రశ్నావళిలోంచి ఎవరు తీసేయమన్నా తీయకండి.

10. బాగోగులు

"సంతోషంగా ఉన్నారా?" అంటే "ఏదో ఇలా గడుస్తోంది బాబూ" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు వాక్యాల సూచిక వాడండి. గత రెండు వారాల్లో మనసు ఎలా ఉందో 0 నుంచి 5 దాకా చెబుతారు, మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే నూటికి వస్తుంది. 50 కంటే తక్కువైతే మనసు బాలేదని అర్థం. దానితో పాటు ఇక్కడికి నేను చేర్చే ప్రశ్న ఒకటుంది: "అర్ధరాత్రి ఒంట్లో బాలేకపోతే ఎవరి తలుపు కొడతావమ్మా?" ఒంటరి ముసలివాళ్ళ సంగతి ఈ ఒక్క ప్రశ్నలో బయటపడుతుంది. తలుపు ఎంత దూరంలో ఉందో కూడా రాసుకోండి. బతకాలని లేదని ఎవరైనా అంటే ప్రశ్నావళి పక్కన పెట్టి కూర్చోండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి మీ ఫోను నుంచే కలిపి ఇవ్వండి.

11. ఊరికి తిరిగి చెప్పడం

పేర్లున్న కాగితం వేరు, జవాబులున్న కాగితం వేరు, రెండూ ఒకే సంచిలో ఉండకూడదు. థీసిస్ ఇచ్చేముందు మళ్ళీ ఊరెళ్ళండి. ఎవరినీ గుర్తుపట్టే వీలులేని నాలుగు పట్టికలు పెద్ద అక్షరాలతో రాసి రామమందిరం అరుగు మీద చదవండి. తప్పులు అక్కడే తేలతాయి. ఒకసారి నేను మా పట్టిక చదువుతుంటే, "మా ఈదిలో తాళాలు పన్నెండు గాదు బాబూ, పద్నాలుగు. ఆ రెండిళ్ళూ పడిపోనాయి" అంది ఒక ముసలమ్మ. వెళ్ళి చూస్తే నిజమే, గోడలు కూలి గడ్డి మొలిచి ఉంది. ఇల్లే కాదనుకుని మేము అంకె వేయలేదు. ఆ రెండు కుటుంబాలూ ఇప్పుడు హైదరాబాదులో ఉన్నాయి. 143, 144 అని అంకెలు వేసి, తేదీ రాసి, జాబితాలో చేర్చాం.